రెండోసారి చెప్పినవాళ్లు

మా మరిది ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే మా అత్తగారు, "ఆఫీసులో లైను రాస్తాడు" అని చెబుతారు. విన్నవాళ్లు అది కరెంటు లైను అనుకుని, తమ ఇంట్లో మాటిమాటికీ ఫ్యూజు పోతోందని మొదలుపెడతారు. మేమెవరం సరిదిద్దం. సరిదిద్దాలంటే అసలు సంగతి చెప్పాలి. అసలు సంగతి ఏమిటంటే అతను కంప్యూటరు మీద నిజంగానే లైను రాస్తాడు. ఒక్కటే. రెండు రాయడం అతనికి నామోషీ.

మేముండేది ఒకే రంగు పూసిన ఎత్తైన భవనాల గుంపులో, ఐదో అంతస్తులో. లిఫ్టు, నీళ్లు, మెట్ల మీద దీపాలు, చెత్త, అన్నిటినీ ఒక నిర్వహణ కంపెనీ చూసుకుంటుంది. చూసుకుంటుంది అన్నది వాళ్ల మాట. మరిది ఉద్యోగం అందులోనే. ఇదివరకు ఏదైనా పాడైతే మేం ఫిర్యాదు రాసి పంపేవాళ్లం. ఆఫీసులో ఒక పెద్దావిడ కూర్చుని, ఒక్కొక్కటే చదివి, ఏది ముందు ఏది వెనక అని చూసుకుని మనుషుల్ని పంపేది. మరిది లైను వచ్చాక ఆవిడకి చదివే బాధ తప్పింది. ఇప్పుడు ఆఫీసు గుమ్మం దగ్గర బల్ల వేసుకుని, వచ్చినవాళ్లందరికీ "యాప్‌లో పెట్టండి" అని చెబుతోంది. అభివృద్ధి అంటే ఇదేనని మేనేజరు ఉద్దేశం.

సరిగ్గా అప్పుడే మా లిఫ్టు ఆగిపోయింది.

మామూలప్పుడైతే తిట్టుకుంటూ మెట్లెక్కేవాళ్లం. కానీ మా అత్తగారికి రెండు కళ్లలోనూ శుక్లాలు. కుడి కన్ను ముందు చేస్తామని, గురువారం పొద్దున్న పదింటికల్లా రావాలని ఆస్పత్రివాళ్లు చెప్పారు. ఆ రోజు దొరకడానికే నెలలు పట్టింది. గురువారం దాటితే డాక్టరుగారు పై చదువుకి వేరే దేశం వెళ్లిపోతారు, మళ్లీ ఎప్పుడొచ్చేదీ ఆయనకే తెలియదు. ఆవిడకి ఇప్పటికే మనుషులు నీడల్లా కనిపిస్తున్నారు. కంచంలో ఏం వడ్డించానో వాసన చూసి కనుక్కుంటున్నారు. కనుక్కుని, బాగాలేదంటున్నారు. ఇక మోకాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఒక అంతస్తు దిగేసరికి అవి పట్టేసి, ఉన్నచోటే కూలబడతారు. లిఫ్టు లేకపోతే ఆవిడకి గురువారం లేదు, గురువారం లేకపోతే కన్ను లేదు.

"నీ కంపెనీయే కదరా, ఆ లిఫ్టువాడికి ఒక్క ఫోను కొట్టు" అన్నారు అత్తగారు, ఆదివారం భోజనాల దగ్గర.

"అలా కుదరదమ్మా. ఏదైనా సిస్టమ్ ద్వారానే రావాలి. నా ఇంటి ఫిర్యాదుని నేనే ముందుకు తోస్తే రేపు అందరూ వేలెత్తి చూపిస్తారు."

"చూపించనీ. నాకా వేళ్లు కనబడవుగా."

"ఇంతకీ ఆ సిస్టమ్ ఏం చేస్తుంది?" అన్నాను నేను. డిగ్రీలో నేను లెక్కలు చదివాను. ఆఖరి సంవత్సరం కంప్యూటరు కూడా కాస్త అంటించారు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరికీ గుర్తుండదు.

మరిదికి ఇంతకన్నా ఏం కావాలి? కంచం పక్కకి జరిపాడు.

"రోజంతా వచ్చిన ఫిర్యాదులన్నీ ఒక వరుస అనుకో వదినా. పాత పద్ధతిలో అయితే మొదటిది తియ్యాలి. అందులో పాము అన్న మాట ఉందా చూడాలి. తేలు ఉందా, మంట ఉందా, పొగ ఉందా చూడాలి. అన్నీ చూశాక అది పక్కన పెట్టి రెండోది తియ్యాలి. మళ్లీ మొదట్నుంచీ అదే పాట. దీన్నే లూపు అంటారు. గానుగెద్దు పని."

"మరి నువ్వేం చేశావు?"

"మాటలన్నీ ఒకే తాడుకి గుచ్చేశాను. పాము, నిలువు గీత, తేలు, నిలువు గీత, మంట, నిలువు గీత, పొగ. గీత అంటే 'లేదా' అని. ఆ తాడునీ, మొత్తం వరుసనీ కలిపి ఒక్క దెబ్బలో ఇచ్చేస్తా. దేంట్లో ఏ మాట ఉందో టకటకా వచ్చేస్తుంది. ఉన్నవి అర్జెంటు, లేనివి సాధారణం. పాముకైతే పాములవాడికి, మంటకైతే ఫైరువాళ్లకి మెసేజి దానంతటదే పోతుంది. ఎక్కడా లూపన్నదే లేదు!"

"లూపు లేకుండా అన్నీ ఎవరు చూస్తారయ్యా?"

"లోపల అదే చూసుకుంటుంది."

"అంటే లోపల తిరిగేవాళ్లున్నారన్నమాట. నీకు కనబడరంతే."

"ఉంటే ఉంటారు వదినా. నేను రాసినదాంట్లో అయితే లేరు."

నేను అతనికి మారు వడ్డించాను. మా ఇల్లు కూడా అతని లెక్కలో లూపు లేకుండానే నడుస్తోంది. చొక్కా విప్పి కుర్చీ మీద పడేస్తాడు, అది ఇస్త్రీ అయి బీరువాలో వేలాడుతుంది. గ్లాసులు, కంచాలు, తడి తువ్వాళ్లు అన్నీ ఒక్క దెబ్బలో ఇచ్చేస్తాడు, లోపల అదే చూసుకుంటుంది. ఆ 'అదే' నేనే. అతను రాసినదాంట్లో మాత్రం లేను.

"ఆ తాడుకే లిఫ్టు కూడా గుచ్చు. ఇంకో గీత, ఇంకో మాట. నీ లైనుకేం మైల పడదు" అన్నాను.

"అమ్మో, మేనేజరు ఒప్పుకోడు. లిఫ్టు ఫిర్యాదులు రోజూ వస్తాయి. లిఫ్టు అర్జెంటయితే ఇక అన్నీ అర్జెంటే. పైగా గురువారం డైరెక్టర్లకి చూపిస్తున్నాం. అప్పటిదాకా చుక్క కూడా కదపొద్దన్నాడు. నా ఉద్యోగం పర్మనెంటు అయ్యేదీ లేనిదీ ఆ రోజే తెలుస్తుంది."

"నాకు కన్ను వచ్చేదీ రానిదీ కూడా ఆ రోజే రా" అన్నారు అత్తగారు.

"అప్పటికి బాగైపోతుందమ్మా. సిస్టమ్ ఉందిగా!"

అతనికి అమ్మంటే ప్రేమ లేదని కాదు. బాగైపోతుందని నిజంగానే నమ్మాడు. తను రాసినదాన్ని నమ్మినంతగా అతను మనుషుల్ని నమ్మడు.

సోమవారం మావారు ఫిర్యాదు పెట్టారు. మావారు మర్యాదస్తులు. "అయ్యా, మా భవనంలో లిఫ్టు పనిచేయడం లేదు. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు. దయచేసి బాగుచేయించగలరు" అని రాశారు. క్షణంలో జవాబు వచ్చింది. "మీ ఫిర్యాదు సాధారణ వరుసలో చేరినది. మీ ఓపికకు ధన్యవాదాలు." మాకు ఓపిక ఉందని వాళ్లకి ఎవరు చెప్పారో తెలియదు.

ఆయన ఊరుకోక మెట్లు దిగి ఆఫీసుకి కూడా వెళ్లారు. గుమ్మం దగ్గర పెద్దావిడ, "యాప్‌లో పెట్టండి" అంది. పెట్టానండీ అన్నారు ఈయన. "అయితే యాప్‌లో చూసుకోండి" అందట. మెట్లెక్కి వచ్చి, చెమట తుడుచుకుంటూ, "ఏం పర్వాలేదు, గురువారం అమ్మని నేనే ఎత్తుకుని దించుతా" అని ప్రకటించారు. నీళ్ల క్యాను జరిపితేనే నడుము పట్టేసి గోడకి బల్లిలా అతుక్కుపోయే మనిషి.

"వద్దు నాయనా" అన్నారు అత్తగారు. "అప్పుడు ఇద్దరికీ ఆపరేషను చేయించాలి."

మంగళవారం ఆ బాధ్యత నేను తీసుకున్నాను. నాకు ఫోనులో కూడా పొట్టి రాతలు చేతకావు. పద్ధతిగా రాశాను. "లిఫ్టు గురించి నిన్ననే చెప్పాము. గురువారం మా అత్తగారికి కంటి ఆపరేషను ఉంది. ఆలోపు బాగుచేయకపోతే ఆవిడ కిందికి దిగలేరు."

పొయ్యి మీద పెట్టిన పాలు పొంగకముందే తలుపు చప్పుడైంది. ఆహా, చదువుకున్నవాళ్లు రాస్తే ఇలా ఉంటుంది అనుకుంటూ తలుపు తీశాను. గుమ్మంలో బారెడు కర్ర, గోనెసంచి పట్టుకుని ఒక భారీ మనిషి రొప్పుతున్నాడు.

"ఎక్కడుందమ్మా?"

"ఏది?"

"పాము."

లోపలి గదిలోంచి అత్తగారు కేకేశారు. "ఎవరే అది? లిఫ్టాయనా?"

"కాదత్తయ్యా. పాములాయన."

"మనింట్లో పాముందా?"

"నాకైతే కనబడలేదు."

"నాకెలాగూ కనబడదు. ఆయన్నే చూడమను."

పాములాయన శ్రద్ధగల మనిషి. బట్టలుతికే మిషను వెనక, మంచం కింద, చెప్పుల గూటిలో, అన్నిచోట్లా చూశాడు. చూసి, కర్ర గోడకి ఆనించి, నేల మీద చతికిలబడ్డాడు.

"ఐదంతస్తులు ఎక్కొచ్చానమ్మా. మీ లిఫ్టు పనిచెయ్యట్లేదు, తెలుసా?"

"తెలుసు" అన్నాను.

"వారం నుంచీ ఇదే వరస. అర్జెంటంటారు, పరిగెత్తుకెళ్తే ఏమీ ఉండదు. పక్క భవనంలో తెలుగు మాస్టారింటికి ఇప్పటికి మూడుసార్లెళ్లాను. పాపం ఆయన కుళాయి కారుతోందని మొత్తుకుంటాడు. ఇప్పుడు నన్ను చూస్తేనే తలుపేసుకుంటున్నాడు."

"మా ఇంట్లో పాముందని మీకెవరు చెప్పారు?"

"ఇదిగో, ఫోను. నేను అడ్రసే చూస్తానమ్మా, మిగతాది చదవను."

నేను చదివాను. పైన ఎర్రగా 'పాము' అని ఉంది. దాని కింద నేను రాసిన ఫిర్యాదు, అక్షరం పొల్లుపోకుండా. అందులో 'చెప్పాము' అన్న మాట తోక మాత్రం పసుపు రంగులో మెరుస్తోంది. మొదట అర్థం కాలేదు. తర్వాత మనసులోనే ఆ మాటని ముందునుంచి కొంచెం కొంచెం చెరిపేసి చూశాను. 'చెప్' పోయింది. మిగిలింది పడగ విప్పి నా వైపే చూసింది.

అతనికి మంచినీళ్లిచ్చి పంపేశాను. తలుపు వేసి, అత్తగారి దగ్గరికెళ్లి, ఆ మాటని విడదీసి రెండుసార్లు పలికి వినిపించాను. "చెప్... పాము. చెప్... పాము." ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, పక్క మీద అటూ ఇటూ ఊగుతూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ నాకు నవ్వుతో పాటు లెక్క కూడా తోచింది. మొదటిసారి ఫిర్యాదు చేసేవాడు 'బాగుచేయగలరు' అని వేడుకుంటాడు. వాడికి ఏమీ రాదు. రెండోసారి రాసేవాడే 'ముందే చెప్పాము' అంటాడు. వాడికి పాములవాడు వస్తాడు. అదైనా 'చెప్పాం' అని తేల్చేసేవాళ్లకి రాడు, మాటని పూర్తిగా రాసే పద్ధతి గలవాళ్లకే వస్తాడు. మాస్టారింటికి మూడుసార్లు వెళ్లడంలో ఆశ్చర్యమేముంది? ఆయన కుళాయి కారినా వ్యాకరణం కారనివ్వరు.

సాయంత్రం మరిది రాగానే చెప్పేద్దామనే అనుకున్నాను. అతను చంకలు గుద్దుకుంటూ వచ్చాడు.

"వదినా, మా సిస్టమ్ ఈ వారం ఎన్ని పాముల్ని కనిపెట్టిందో తెలుసా? ఇన్నేళ్లుగా ఇక్కడ ఇన్ని పాములున్నాయని ఎవరికీ తెలీదు. మేనేజరు గోడ మీద పెద్ద పటం పెట్టించి, పామున్న చోటల్లా ఎర్రచుక్క పెట్టిస్తున్నాడు."

"పట్టుకున్నవెన్ని?"

"అది వేరే డిపార్ట్‌మెంటు."

"చూడూ, మీ పాముల్లో ఒక చిక్కుంది..."

"అన్నట్టు మనింటి మీద కూడా ఒక చుక్క పడింది! నువ్వే రాశావట. కంగారుపడకు, సిస్టమ్ చూసుకుంటుంది."

"నేను రాసింది లిఫ్టు గురించి."

"అందులోనే పాము సంగతీ రాసుంటావు వదినా. మర్చిపోయుంటావు. ఇంటి పనుల్లో ఉంటారు కదా, మామూలే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను రాసిన నాలుగు ముక్కలు నాకు గుర్తులేవట, అతని నిలువు గీతలకి గుర్తున్నాయట. నోటిదాకా వచ్చిన పాముని మళ్లీ లోపలికే మింగేశాను. "అవునయ్యా, అంతే అయ్యుంటుంది" అన్నాను. అతను చొక్కా విప్పి కుర్చీ మీద పడేశాడు.

బుధవారం మధ్యాహ్నం అయింది. లిఫ్టు తలుపుకి వేలాడదీసిన అట్టముక్క ఊగడం తప్ప అక్కడ ఏ కదలికా లేదు. అత్తగారు మంచం మీద కూర్చుని ఉన్నట్టుండి అడిగారు.

"ఆ పాములాయన భుజాలు ఎలా ఉన్నాయే?"

"ఇప్పుడు మీకు ఆయన భుజాలెందుకు?"

"నిన్న కింద వెతకడానికి ఈ మంచాన్ని ఒంటిచేత్తో ఎత్తాడు. అప్పుడు దీని మీద నేనున్నాను."

నేను పనాపి ఆవిడ ముఖంలోకి చూశాను. ఆవిడ ఏమీ ఎరగనట్టు కిటికీ వైపు చూస్తున్నారు, ఏమీ కనబడని కిటికీ.

"ఒక్కడు చాలడత్తయ్యా. కుర్చీలో కూర్చోబెట్టి దించాలంటే నలుగురు కావాలి."

"నలుగురు మోసుకెళ్తుంటే, కూర్చుని కబుర్లు చెబుతూ వెళ్లే అదృష్టం ఎంతమందికి పడుతుందే? మిగతా ముగ్గుర్నీ కూడా పిలిపించు. ఫైరువాళ్లు ఉంటారన్నాడుగా."

"మంట అని రాస్తేగానీ వాళ్లు రారు."

"అబద్ధం రాస్తే ఊరుకోను. మనింటా వంటా లేదు ఆ అలవాటు."

"ఒక్క అబద్ధం కూడా రాయం. అన్నీ నిజాలే రాద్దాం. మాటలు మాత్రం కాస్త ఏరుకుందాం."

నా కాపురంలో మేమిద్దరం అంత ఏకాభిప్రాయంతో చేసిన పని ఇంకోటి లేదు. ఆవిడ తిట్లు అందిస్తుంటే నేను అందులో పనికొచ్చేవి ఏరుకున్నాను. చివరికి ఇలా తేలింది:

"లిఫ్టు గురించి రెండుసార్లు చెప్పాము. మనిషిని రమ్మంటే రావడం లేదు. ఆఫీసుకి వెళ్లి అడిగితే యాప్‌లో పెట్టమంటారు. ఇంత పొగరు పనికిరాదు. ఇది ఎప్పటికి తేలుతుంది?"

'రమ్మంటే'లో మంట ఉంది. 'పెట్టమంటారు'లో ఇంకో మంట ఉంది. 'పొగరు'లో పొగ, 'తేలుతుంది'లో తేలు. చెప్పాము సంగతి సరేసరి. అత్తగారు ఒకటికి రెండుసార్లు చదివించుకుని, "ఇందులో ఒక్క ముక్కకి కూడా నన్నెవరూ తప్పుపట్టలేరు" అన్నారు.

గురువారం పొద్దున్నే మరిది నేను ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని తయారయ్యాడు. "అమ్మా, బెంగపెట్టుకోకు, ఈపాటికి లిఫ్టు బాగయ్యే ఉంటుంది" అని చెప్పి, మెట్ల మీదుగా పరిగెత్తాడు.

అత్తగారిని చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, జారకుండా నడుము చుట్టూ దుప్పటి బిగించి కట్టి, ఫిర్యాదు పంపాను. మావారు ఆస్పత్రి కాగితాలు చేత్తో పట్టుకుని ఏం జరుగుతోందో తెలియక నిలబడ్డారు. మేం ఆయనకి చెప్పలేదు. చెబితే మర్యాదగా మార్చి రాసేవారు.

మొదట పాములాయనే వచ్చాడు.

"మళ్లీ మీరేనా? ఈసారైనా ఉందా?"

"లేదు. మా అత్తగారున్నారు."

అతను కుర్చీలోకి తొంగిచూశాడు. ఈలోగా ఎర్ర సిలిండర్లు భుజాన వేసుకుని ఫైరువాళ్లిద్దరు ఎగశ్వాస దిగశ్వాసలతో వచ్చి, "మంటెక్కడ? పొగెక్కడ?" అన్నారు. వాళ్లని కూర్చోబెట్టి నీళ్లిచ్చి, ఉన్నదున్నట్టు చెప్పాను. లిఫ్టు ఆగింది, పదింటికి కంటి ఆపరేషను, ఇది తప్పితే డాక్టరు దొరకడు, ఆవిడ మెట్లు దిగలేరు.

ఫైరువాళ్లలో పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "మేం మంటలార్పడానికొచ్చాం తల్లీ. మనుషుల్ని మొయ్యడం మా డ్యూటీ కాదు."

"ఏం నాయనా" అన్నారు అత్తగారు. "నిజంగా ఇల్లు అంటుకునుంటే నన్ను ఇక్కడే వదిలేసి దిగేవాళ్లా?"

"అదెలా అమ్మా? ఎత్తుకుని దిగేవాళ్లం."

"ఇల్లు అంటుకోకపోవడం నా తప్పా?"

పెద్దాయన చిన్నాయన వైపు చూశాడు. చిన్నాయన సిలిండరు వైపు చూశాడు. పాములాయన సంచి నడుముకి దోపుకుని కుర్చీ వెనక చేరాడు. "పట్టండి బాబూ. వారం నుంచీ ఉత్తచేతుల్తో మెట్లు దిగుతున్నా. ఇవాళ ఎవరినో ఒకరిని దించానన్న తృప్తైనా ఉంటుంది."

కుర్చీ నాలుగో కాలు మావారు పట్టుకున్నారు. నేను వద్దన్నట్టు చూశాను, అమ్మ విషయం అన్నట్టు ఆయనా చూశారు. నాలుగో అంతస్తు దాకా అమ్మ విషయంగానే సాగింది. ఆ మలుపులో ఆయన "అబ్బా" అని ఒక పక్కకి వంగారు, కుర్చీ కూడా అదే పక్కకి వంగింది. పాములాయన మోకాలడ్డం పెట్టి ఆపబట్టి సరిపోయింది. కుర్చీని అక్కడే దించారు. మావారు గోడకి అతుక్కుపోయారు.

"ముగ్గురితో కాదమ్మా" అన్నాడు పెద్దాయన. "మెట్లు ఇరుకు, మలుపులో పట్టు జారితే కష్టం." గడియారం చూస్తే తొమ్మిది దాటింది. కుర్చీ చేతుల్ని పట్టుకున్న అత్తగారి వేళ్లు తెల్లబడ్డాయి.

అప్పుడు కిందనుంచి ధబధబా అడుగుల చప్పుడు వినిపించింది. మరిది. జుట్టు ముఖం మీద పడింది, ఇస్త్రీ చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

"అమ్మా! అమ్మేది? పాము... మంట..." కుర్చీలో ఆవిణ్ని చూసి, రెండు చేతుల్తో ఆవిడ ముఖం తడిమి చూశాడు.

డైరెక్టర్లందరి ముందు పెద్ద తెర మీద మా ఇంటి అడ్రసు ఎర్రగా వెలిగిందట. పాము, తేలు, మంట, పొగ, అన్నీ ఒక్క ఇంట్లోనే. సిస్టమ్ ఇంత బాగా పట్టుకుందని డైరెక్టర్లు చప్పట్లు కొట్టారట. ఆ చప్పట్ల మధ్యలోంచి ఇతను లేచి, చెప్పకుండా చెయ్యకుండా పరిగెత్తుకొచ్చాడు. ఆ ఒక్క పరుగుకి అతని మీద నాకున్న కోపం సగం దిగింది. తేరుకున్నాక అతను అడిగిన మొదటి మాటకి మళ్లీ ఎక్కింది.

"ఫైరువాళ్లొచ్చారంటే సిస్టమ్ పనిచేసినట్టేగా? మరి మంటేది వదినా?"

"ముందు ఆ కాలు పట్టుకో. దిగుతూ చెబుతా."

పట్టుకున్నాడు. కుర్చీ లేచింది. నేను ముందు నడుస్తూ, ఫోనులోంచి నా ఫిర్యాదు పైకి చదివాను. మొదట చెప్పాము. "ఇందులో చెప్ తీసేసి చూడు." అతను పెదాలు కదుపుతూ తీసేసి చూసుకున్నాడు. ముఖం కొద్దిగా పాలిపోయింది. తర్వాత రమ్మంటే. "ఇదిగో నీ మంట." ఇంకాస్త దిగాక పొగరు. ఆ మాట చదువుతున్నప్పుడు నేను వెనక్కి తిరిగి అతని వైపే చూశానని ఒప్పుకోవాలి. ఆఖర్న తేలుతుంది. ఫైరువాళ్లిద్దరూ మోస్తూనే కిసుక్కున నవ్వారు. అతను నవ్వలేదు.

"అయితే గోడ మీద ఆ చుక్కలన్నీ..." అన్నాడు చిన్నగా.

"పాములు కాదు నాయనా. రెండోసారి చెప్పినవాళ్లు."

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"మంగళవారం నుంచి. నీకు చెప్పబోయాను. నేనేదో రాసి మర్చిపోయానన్నావు."

బరువుకి అతని మెడ మీద నరాలు తేలాయి, అయినా కుర్చీ వంగనివ్వలేదు. కింద కారు సిద్ధంగా ఉంది. అత్తగారిని వెనక సీట్లో కూర్చోబెట్టాం. మావారు నడుము పట్టుకుని ఒక్కో మెట్టే దిగి ఆఖర్న చేరారు.

మరిది అప్పటికే ఫోను తీశాడు. "ఐదు నిమిషాల పని వదినా. మాటకి ముందొక ఖాళీ, వెనకొక ఖాళీ ఉంటేనే లెక్కలోకి తీసుకోమంటా. ఇప్పుడే ఇక్కణ్నుంచే మార్చేస్తా."

"అప్పుడు 'పాముంది రండి' అని రాసినవాడి గతేమిటి? మన తెలుగు మాటలు ఎప్పుడైనా ఒంటరిగా నిలబడ్డాయా?"

అతను మళ్లీ ఫోను మీదకి వంగాడు. "పోనీ, దానికి ఇంకో గీత..."

"ఒరేయ్" అన్నారు అత్తగారు కారులోంచి. "సాయంత్రం కన్నుకి కట్టు కట్టి ఇంటికి పంపేస్తారు. నన్ను పైకి ఎవరు మోస్తారు? మీ లిఫ్టువాడా?"

పాములాయన కారు కిటికీ దగ్గరికి వంగి, "ఎన్నింటికి వస్తారో చెప్పండమ్మా, దగ్గర్లోనే ఉంటా. కానీ మీరు మాత్రం ఏదో ఒకటి రాయండి, లేకపోతే మమ్మల్ని పంపరు" అన్నాడు.

"విన్నావుగా" అన్నారు అత్తగారు కొడుకుతో. "నేను పైకెక్కేదాకా ఆ పాముల జోలికెళ్లకు."

సరిగ్గా అప్పుడే అతని ఫోను మోగింది. మేనేజరు. అంత దూరంలో ఉన్న నాకు కూడా వినిపించేలా అరుస్తున్నాడు. ఎక్కడికి పోయావు, డైరెక్టర్లు ఎదురుచూస్తున్నారు, పాము దొరికిందా లేదా?

మరిది అమ్మ వైపు చూశాడు. ఆవిడ అతను ఉన్నాడనుకున్న వైపు చూస్తున్నారు, అది కాస్త పక్కకి ఉంది. అతను రెండడుగులు వేసి ఆ చూపుకి ఎదురుగా నిలబడ్డాడు.

"ఇంకా దొరకలేదు సార్" అన్నాడు ఫోనులో. "పెద్దదే ఉన్నట్టుంది. సాయంత్రం దాకా వెతకాల్సొస్తుంది." ఫోను పెట్టేసి, ముందు సీట్లో ఎక్కి తలుపు వేసుకున్నాడు.